"మాట నా దాకా రావడం లేదు": ఒక ఫ్లాట్ పునర్రూపకల్పన, దానితో తెలిసివచ్చే ఇంటీరియర్ డిజైన్ పరిభాష

ఇంటీరియర్ డిజైన్ వృత్తిలోకి రావాలనుకునేవారు పరిభాషను ఒక జాబితాలా కంఠస్థం చేయడం తరచూ చూస్తుంటాను. సర్క్యులేషన్, జోనింగ్, లక్స్, ప్రతినాదం, ఎలివేషన్, స్పెసిఫికేషన్ వంటి పదాల్లో దేనికి నిర్వచనం అడిగినా తడుముకోకుండా చెబుతారు. అయితే క్లయింట్లు ఎవరూ ఆ పదాలతో మాట్లాడరు. "ఇల్లు ఇరుకుగా ఉంది", "ఎందుకో ఈ గదిలో కూర్చోబుద్ధి కాదు", "సాయంత్రమయ్యేసరికి కళ్లు లాగుతున్నాయి" అంటారు. ఆ మాట వెనక ఉన్న పదం ఏదో పోల్చుకుని, దాన్ని సైట్‌లో కొలిచి, ఆ కొలతను డ్రాయింగ్‌లోకి తేవడమే ఈ వృత్తిలో అసలు పని. ఒక పదాన్ని మరో పదంగా పొరబడితే ఆ పొరపాటు కాగితం మీద ఆగిపోదు, గోడగానో తలుపుగానో నిలబడిపోతుంది. ఈ కేస్‌లో అటువంటి పొరపాటు నేనే ఒకటి చేశాను. దాన్ని కూడా ఉన్నదున్నట్టుగా రాస్తున్నాను.

క్లయింట్ చెప్పింది, నేను రాసుకున్నది

లోపలి వైశాల్యం 96 చదరపు మీటర్లున్న ఆ ఫ్లాట్‌లో నలుగురు ఉంటారు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు. ఆయన ఎక్కువ రోజులు ఇంటి నుంచే పనిచేస్తారు. వారి తొమ్మిదేళ్ల కుమార్తె వయొలిన్ నేర్చుకుంటోంది. ఆయన తల్లికి డెబ్బై ఒక్క ఏళ్లు, మోకాళ్ల నొప్పులు, చదవడం అంటే ప్రాణం. నన్ను పిలిచినప్పుడు దంపతులు చెప్పిన మొదటి మాట, హాలు చాలడం లేదు కనుక వంటగది గోడ తీసేసి పెద్దది చేయాలని. రెండోది, పాతబడిన సోఫాలు, రంగులు మార్చాలని. పెద్దావిడ అంతసేపూ పక్కన కూర్చుని ఏమీ అనలేదు. వెళ్లబోయే ముందు నేనే అడిగితే, "మాట గదంతా తిరుగుతోందమ్మా, నా దాకా రావడం లేదు. అందుకే నా గదిలోనే ఉంటున్నాను" అన్నారు. ఆమెకు వినికిడి తగ్గిందని ఇంట్లో అందరూ అనుకుంటున్నారు, కానీ పరీక్ష చేయిస్తే ఆ వయసుకు తగినట్టే ఉందని తేలిందట.

బ్రీఫ్ అనే పదానికి అర్థం ఇక్కడే మొదలవుతుంది. క్లయింట్ కోరికల పట్టికను బ్రీఫ్ అనుకోవడం కొత్తవారిలో సాధారణం. బ్రీఫ్ అంటే ఆ కోరికల వెనకనున్న అవసరాలను, ఎవరు, ఏ వేళ, ఎంతసేపు, ఎవరితో కలిసి, ఏ వస్తువులతో అనే వివరాలతో సహా రాసి, క్లయింట్ చేత ఒప్పించుకున్న పత్రం. నేను నలుగురి దగ్గరా విడివిడిగా ఒక రోజు దినచర్యను గంటల వారీగా రాయించుకున్నాను. అప్పుడు బయటపడిన విషయం ఏమిటంటే, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది మధ్య నలుగురూ ఇంట్లో ఉన్నా హాలులో ఇద్దరికి మించి కూర్చోవడం లేదు. చాలడం లేదన్న గది నిజానికి ఖాళీగా ఉంటోంది. కాబట్టి బ్రీఫ్‌లో "హాలు పెద్దది చేయాలి" అన్న వాక్యం కొట్టేసి, "నలుగురూ ఒకే గదిలో వేర్వేరు పనుల్లో ఉంటూ, మాట్లాడుకోవాలనుకున్నప్పుడు గొంతు పెంచకుండా మాట్లాడుకోగలగాలి" అని రాశాను. ఈ ప్రాజెక్టుకు కాన్సెప్ట్ అదే. కాన్సెప్ట్ అంటే ఒక అందమైన బొమ్మ అనో, ఒక శైలి పేరు అనో చాలామంది అనుకుంటారు. రెండు ప్రతిపాదనలు ఎదురైనప్పుడు ఏది ఉంచాలో, ఏది వదలాలో తేల్చగలిగే వాక్యమే కాన్సెప్ట్. మూడ్ బోర్డు, అంటే రంగులు, బట్టలు, పదార్థాల నమూనాలను ఒకచోట పేర్చి చూపే పలక, దాని తర్వాత రావలసినది. నేను మూడ్ బోర్డు చూపించింది ఐదో సమావేశంలో.

కొలతలు

సైట్ సర్వేలో టేపు పట్టుకుని గోడ నుంచి గోడకు కొలవడంతో పని పూర్తికాదు. హాలు పొడవు 7.2 మీటర్లు, వెడల్పు 4.1 మీటర్లు, ఎత్తు 2.8 మీటర్లు వచ్చాయి. తర్వాత రెండు కర్ణాలు కొలిస్తే ఒకటి 8,270 మిల్లీమీటర్లు, మరొకటి 8,302 మిల్లీమీటర్లు ఉంది. మూలలు సరిగ్గా లంబకోణంలో ఉంటే రెండూ సమానంగా ఉండాలి. ఆ తేడా అర్థం ఏమిటంటే, పొడవు గోడకు సమాంతరంగా నేల పలకలు పరిచి, వాటి అడ్డగీతలను లంబంగా తీసుకుంటే, 4.1 మీటర్ల వెడల్పు దాటేసరికి పొట్టి గోడ దగ్గర దాదాపు 18 మిల్లీమీటర్లు ఏటవాలుగా కోసిన ముక్క కనిపిస్తుంది. అందుకే నేను ఏ గదిలోనైనా ముందుగా ఒక ఆధార రేఖను, అంటే డేటమ్‌ను, లేజర్‌తో గీయించి, ఆ గది కొలతలన్నీ గోడల నుంచి కాకుండా ఆ రేఖ నుంచే ఇస్తాను. నిలువు కొలతలకు ఆధారం పూర్తయిన నేల మట్టం. పలకలు వేయకముందున్న కాంక్రీటు మట్టం నుంచి స్విచ్ బోర్డు ఎత్తు ఇచ్చేసి, పలకలూ వాటి కింది మిశ్రమమూ కలిసి 50 మిల్లీమీటర్లు పెరిగాక తప్పు తెలుసుకున్నవారిని చాలామందిని చూశాను.

టాలరెన్స్, అంటే కొలతలో ఎంత తేడా వరకు ఫరవాలేదన్న హద్దు, అనే పదం కూడా ఇక్కడే నేర్చుకోవాలి. ఫ్యాక్టరీలో తయారయ్యే అల్మారాకు ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడాయే ఎక్కువ, కానీ గోడకు పది మిల్లీమీటర్ల వంకర మామూలు విషయం. ఈ రెండూ కలిసే చోట ఫిల్లర్ పట్టీ కావాలి. పెద్దావిడ గదిలో అల్మారా పెట్టే గూడు కింద 1,494, పైన 1,512 మిల్లీమీటర్లుంది. అల్మారాను 1,450కి చేయించి, రెండు వైపులా మిగిలిన సందును గోడ వంకరకు తగ్గట్టు సైట్‌లో కోసిన పట్టీలతో మూయించాను.

వంటగది గోడ విషయానికొస్తే, అది బరువు మోసే గోడా, కేవలం విభజన గోడా అన్నది డిజైనర్ తట్టి చూసి చెప్పే విషయం కాదు. స్ట్రక్చరల్ ఇంజినీర్ వచ్చి చూసి, గోడలో ఒక చివర స్తంభం ఉందని, మిగతాది విభజన గోడేనని, దాంట్లో 1.6 మీటర్ల ఖాళీ తెరవవచ్చని రాతపూర్వకంగా ఇచ్చారు. ఆ కాగితం లేకుండా ఒక్క ఇటుక కూడా తీయించలేదు.

ఇరుకు అన్న మాట వెనక

హాలు వైశాల్యం 29.5 చదరపు మీటర్లు. నలుగురికి అది తక్కువేమీ కాదు. మరి ఇరుకు ఎందుకు అనిపించింది? పాత అమరికలో సోఫాలు గోడలకు ఆనించి, భోజన బల్ల మధ్యలో ఉండేది. ముఖద్వారం నుంచి పడకగదులకు ఒక దారి, వంటగది నుంచి బల్లకు మరొకటి, బాల్కనీకి ఇంకొకటి, మూడూ ఒకదాన్నొకటి కోసుకుంటూ గది నడుమ నుంచే పోయేవి. నేను ప్లాన్ మీద ఆ దారులకు రంగు వేసి వైశాల్యం లెక్కగడితే దాదాపు 11 చదరపు మీటర్లు, అంటే గదిలో మూడో వంతుకు పైగా నడకకే పోతోంది. మిగిలినదీ ముక్కలుగా మిగిలింది. సర్క్యులేషన్ అంటే ఇదే. నడిచే దారి కూడా ఒక గది లాంటిదే, దానికీ కొలతలుండాలి. ఇద్దరు ఎదురుపడినప్పుడు ఒకరు పక్కకు ఒరిగి దాటే ప్రధాన దారికి 900 మిల్లీమీటర్లు కనీసం. కుర్చీ వెనక్కి జరిపి లేవడానికి బల్ల అంచు నుంచి అంతకు తగ్గకుండా స్థలం వదలాలి. సోఫాకూ టీపాయ్‌కీ మధ్య 400 నుంచి 450 మిల్లీమీటర్లు చాలు.

దీన్ని సరిదిద్దేముందు సామీప్య పట్టిక తయారుచేసుకున్నాను. అడ్డు వరుసల్లో, నిలువు వరుసల్లో అవే పనులు రాసి, ఏ రెండు పనులు పక్కపక్కన ఉండాలి, ఏ రెండు దూరంగా ఉండాలి, ఏ రెండింటికి సంబంధం లేదు అని గుర్తులు వేసే పట్టిక అది. దాని నుంచి బబుల్ డయాగ్రామ్ వస్తుంది. అందులో గీసే వృత్తాలు గదులు కావు, పనులు. నా దగ్గరకు వచ్చే విద్యార్థులు చాలామంది ఈ దశను దాటవేసి నేరుగా ప్లాన్ మీద ఫర్నిచర్ పెట్టడం మొదలుపెడతారు. అలా చేస్తే గోడలు ఉన్నచోటే ఆలోచన కూడా ఆగిపోతుంది. ఈ ఇంట్లో పట్టిక వేశాక తేలిన ఒక సంగతి, పెద్దావిడ చదివే చోటు ఆమె గదికి కాదు, వంటగదికి దగ్గరగా ఉండాలి. రోజులో ఆమె ఎక్కువగా మాట్లాడేది కోడలితో, ఆ మాటలు ఎక్కువగా జరిగేది వంట వేళ.

కొత్త ప్లాన్‌లో రాకపోకలన్నీ ఒక పొడవు గోడ వెంట 950 మిల్లీమీటర్ల ఒకే దారిలోకి చేర్చాను. అది దాదాపు 7 చదరపు మీటర్లు తీసుకుంది. మిగిలిన 22 చదరపు మీటర్లకు పైగా స్థలం ఒకే ముక్కగా దొరికింది. దాన్ని గోడలు కట్టకుండా మూడు జోన్లుగా విడదీశాను. జోనింగ్ అంటే గదిని విభజించడం మాత్రమే కాదు, ఒక జోన్ నుంచి మరో జోన్‌లోకి వచ్చామని పాదానికో, కంటికో తెలియజేయడం. ఇక్కడ ఆ పని కార్పెట్ అంచు, పైకప్పు ఎత్తులో 120 మిల్లీమీటర్ల తేడా, ఎత్తు తక్కువున్న ఒక పుస్తకాల అర చేశాయి.

కూర్చునే చోట్ల మధ్య దూరం విషయంలో మానవ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్ 1960లలో ప్రతిపాదించిన ప్రాక్సెమిక్స్ ఇప్పటికీ ఉపయోగపడుతుంది. ఆయన మనుషుల మధ్య దూరాలను వర్గీకరించి, 45 సెంటీమీటర్ల నుంచి 1.2 మీటర్ల వరకు వ్యక్తిగత దూరమని, 1.2 నుంచి 3.6 మీటర్ల వరకు సామాజిక దూరమని చెప్పారు. పాత అమరికలో ఎదురెదురు సోఫాల్లో కూర్చున్న ఇద్దరి ముఖాల మధ్య 3.9 మీటర్లుండేది. ఇంట్లోని మనుషులు బహిరంగ సభలో ఉన్నట్టుగా గొంతు పెంచాల్సిన దూరం అది. కొత్త అమరికలో దాన్ని 2.2 మీటర్లకు తెచ్చాను. ఇంత చేసినా పెద్దావిడ ఫిర్యాదుకు ఇది సగం జవాబే.

శరీరం కొలతలు

ఆంత్రోపోమెట్రిక్స్ మనిషి శరీర కొలతల శాస్త్రం, ఎర్గోనామిక్స్ ఆ కొలతలను పనికి అన్వయించే శాస్త్రం. వంటింటి గట్టు ఎత్తుకు ప్రామాణికంగా 850 నుంచి 900 మిల్లీమీటర్లని పుస్తకాల్లో ఉంటుంది. అది సగటు. ఈ ఇంట్లో భార్య మోచేతి ఎత్తు 970, భర్తది 1,090. నిలబడి చేసే తేలిక పనికి గట్టు మోచేతి కంటే 100 నుంచి 150 మిల్లీమీటర్లు కింద ఉండాలి. ఒకే ఎత్తు పెడితే ఇద్దరిలో ఒకరి నడుముకు శ్రమ తప్పదు. ఎక్కువగా వండేది ఆవిడ, ఎక్కువగా గిన్నెలు కడిగేది ఆయన కనుక, గట్టు 850, సింక్ ఉన్న భాగం 930 పెట్టాను. సింక్‌లో చేతులు పనిచేసేది అంచు దగ్గర కాదు, అడుగున. అందుకే ఆ భాగం ఎత్తు పెరగడం ఎవరికీ నష్టం కాదు. స్టవ్ విషయంలో దీనికి వ్యతిరేకం, ఎందుకంటే గిన్నె ఎత్తు కూడా కలుస్తుంది.

వర్క్ ట్రయాంగిల్ గురించి విద్యార్థులు తప్పకుండా అడుగుతారు. సింక్, స్టవ్, ఫ్రిజ్ మధ్య గీసే త్రిభుజంలో ఒక్కో భుజం 1.2 నుంచి 2.7 మీటర్లు, మూడూ కలిపి 4 నుంచి 7.9 మీటర్లు ఉండాలన్నది 1940లలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో జరిగిన పరిశోధనతో స్థిరపడింది. వంటగదిలో అడుగులు లెక్కపెట్టే ఆలోచన అంతకు ముందుదే. ఆర్కిటెక్ట్ మార్గరెటె షూట్టె లిహోట్స్కీ 1926లో ఫ్రాంక్‌ఫర్ట్ గృహ సముదాయాల కోసం రూపొందించిన వంటగది ఆ ఆలోచనకు తొలి పెద్ద అమలు. మా క్లయింట్ ఇంట్లో ఫ్రిజ్ హాలులో ఉండటం వల్ల త్రిభుజం మొత్తం 10 మీటర్లకు చేరింది. ఫ్రిజ్‌ను లోపలికి తెచ్చాక 5.4 మీటర్లు అయింది. ఇద్దరు కలిసి వండే ఇంట్లో ఈ త్రిభుజం పూర్తి జవాబు కాదని నా అభిప్రాయం. అప్పుడు గట్ల మధ్య 1,200 మిల్లీమీటర్ల నడక స్థలం దానికంటే ముఖ్యం.

పెద్దావిడ గది, స్నానాల గది దగ్గర యూనివర్సల్ డిజైన్ అన్న మాట వచ్చింది. ఆర్కిటెక్ట్ రోనాల్డ్ మేస్ వాడుకలోకి తెచ్చిన ఈ పదానికి, ఆయన నేతృత్వంలో నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయ బృందం 1997లో ఏడు సూత్రాలు ప్రకటించింది. వృద్ధుల కోసమో వికలాంగుల కోసమో వేరుగా ఏర్పాట్లు చేయడం దాని ఉద్దేశం కాదు, అందరికీ పనికొచ్చేలా మొదటే రూపొందించడం. తలుపులకు గుండ్రటి నాబ్‌ల బదులు లీవర్ పిడులు పెట్టాను, మణికట్టు బలం లేనివారూ, చేతుల్లో సామాన్లున్నవారూ మోచేత్తో తెరవగలరు. స్నానాల గది తలుపు క్లియర్ వెడల్పు 815 మిల్లీమీటర్లకు తగ్గకుండా చూశాను. క్లియర్ వెడల్పు అంటే తలుపు రెక్క వెడల్పు కాదు. రెక్క 90 డిగ్రీలు తెరిచి ఉన్నప్పుడు దాని ముఖానికీ ఎదుటి ఫ్రేముకూ మధ్య నిజంగా మిగిలే ఖాళీ.

వెలుతురు

పెద్దావిడ చదువుకునే కుర్చీలో కూర్చుని, పుస్తకం పట్టుకునే చోట లక్స్ మీటర్ పెడితే సాయంత్రం 70 లక్స్ వచ్చింది. గది మధ్యన 6,500 కెల్విన్ (కాంతి రంగును చెప్పే కొలత, ఎక్కువైతే తెల్లదనం, తగ్గితే పసుపుదనం) తెల్లని దీపం ఒకటి, కళ్లలోకి కొట్టేటంత వెలుగుతో ఉంది. ఇంట్లోవారు దాని కంటే పెద్ద దీపం పెట్టాలనుకున్నారు. ల్యూమెన్‌కూ లక్స్‌కూ తేడా తెలియనప్పుడు వచ్చే ఆలోచన ఇది. దీపం వెదజల్లే మొత్తం కాంతిని ల్యూమెన్లలో కొలుస్తారు. అది ఒక ఉపరితలం మీద చదరపు మీటరుకు ఎంత పడుతోందో చెప్పేది లక్స్. 800 ల్యూమెన్లు ఒక చదరపు మీటరు మీద పడితే 800 లక్స్, అవే పది చదరపు మీటర్ల మీద పరుచుకుంటే 80. పైగా ఆ దీపం ఆమెకు వెనకవైపు ఉండటంతో ఆమె తల నీడ పుస్తకం మీదే పడుతోంది.

అందుకని దీపాన్ని పెంచలేదు, దగ్గరకు తెచ్చాను. బిందువు వంటి మూలం నుంచి వచ్చే కాంతి దూరం వర్గానికి విలోమంగా తగ్గుతుంది, కాబట్టి దూరం సగం చేస్తే వెలుతురు నాలుగింతలవుతుంది. కుర్చీ పక్కన, భుజం మీదుగా కాంతి పడేలా, పేజీకి 70 సెంటీమీటర్ల దూరంలో తల ఉండే ఒక స్టాండు దీపం పెడితే 500 లక్స్ దాటింది. ఆ వయసుకు అది అవసరం. ఇరవై ఏళ్ల వ్యక్తి రెటీనాకు చేరే కాంతిలో సుమారు మూడో వంతే అరవై ఏళ్ల వ్యక్తి రెటీనాకు చేరుతుంది. అదే సమయంలో వయసుతో గ్లేర్, అంటే కళ్లు బైర్లు కమ్మించే వెలుగు, మరింత బాధపెడుతుంది. వృద్ధులకు వెలుతురు పెంచాలి, వెలుగు మూలం కంటికి కనబడకూడదు. ఈ రెండూ కలిపి గుర్తుంచుకోవాలి.

మిగతా గదిలో కాంతిని మూడు పొరలుగా అమర్చాను. మొత్తం గదికి మెత్తగా పరుచుకునే యాంబియంట్ కాంతిని పైకప్పు అంచు నుంచి పరావర్తనంగా ఇచ్చాను, చదివే చోటా గట్టు మీదా టాస్క్ కాంతి, పుస్తకాల అర మీద కొద్దిపాటి యాక్సెంట్ కాంతి పెట్టాను. మూడింటికీ వేర్వేరు స్విచ్‌లు, డిమ్మర్లు. వర్ణ ఉష్ణోగ్రత అంతటా 3,000 కెల్విన్. దీపాల స్పెసిఫికేషన్‌లో సీఆర్‌ఐ, అంటే ఆ కాంతిలో రంగులు ఎంత సహజంగా కనబడతాయో చెప్పే సంఖ్య, 90కి తగ్గకూడదని రాశాను, గాఢమైన ఎరుపుకు సంబంధించిన ఆర్9 విలువ కూడా వేరుగా అడిగాను. సీఆర్‌ఐ అనేది ఎనిమిది మెత్తని రంగుల సగటు మాత్రమే. ఆ ఎరుపు ఆ సగటులో లేదు. మనిషి చర్మం, కలప వెచ్చగా కనబడాలంటే ఆ ఎరుపే ముఖ్యం.

రంగుల గురించి ఇక్కడ రెండే మాటలు. మొదటిది మెటామెరిజమ్, అంటే ఒక కాంతిలో ఒకేలా ఉన్న రెండు రంగులు మరో కాంతిలో వేరుగా కనబడటం. షోరూమ్‌లో ఒకేలా కనిపించిన కర్టెన్ బట్ట, లామినేట్ నమూనా ఈ ఇంటి సాయంత్రపు కాంతిలో ఒకటి ఆకుపచ్చగా, మరొకటి గులాబీ ఛాయగా తేలాయి. నమూనాలను అవి ఉండబోయే చోట, ఉండబోయే కాంతిలో, ఉండబోయే కోణంలో, అంటే కర్టెన్ నిలువుగా, కార్పెట్ నేల మీద పెట్టి చూశాకే ఎంపిక చేయాలి. రెండోది ఎల్‌ఆర్‌వీ, ఒక ఉపరితలం ఎంత శాతం కాంతిని తిప్పి పంపుతుందో చెప్పే 0 నుంచి 100 మధ్య సంఖ్య. స్నానాల గదిలో నేల, గోడ, గడప అన్నీ ఒకే తెలుపు. గడప అంచు కనబడక పెద్దావిడ రెండుసార్లు తూలారు. పక్కపక్కన ఉన్న ఉపరితలాల ఎల్‌ఆర్‌వీల మధ్య 30 పాయింట్ల తేడా ఉండేలా నేలను ముదురు రంగుకు మార్చి, గడపను పూర్తిగా తీసేశాను.

ప్రతినాదం, దాని పక్కనే నా పొరపాటు

పెద్దావిడ అన్న "మాట గదంతా తిరుగుతోంది" అన్న వాక్యం ప్రతినాదానికి నేను విన్న అత్యంత కచ్చితమైన వర్ణన. శబ్దం ఆగిపోయాక అది 60 డెసిబెళ్లు తగ్గడానికి పట్టే సమయాన్ని ప్రతినాద కాలం అంటారు. 1895లో హార్వర్డ్‌లో కొత్తగా కట్టిన ఒక ఉపన్యాస మందిరంలో మాటలు అర్థం కావడం లేదని ఫిర్యాదు వస్తే, వాలెస్ సాబిన్ అనే యువ భౌతిక శాస్త్ర అధ్యాపకుడు రాత్రివేళల్లో మరో థియేటర్ నుంచి సీటు దిండ్లు తెచ్చి పరిచి, తీసి, శబ్దం ఆరిపోయే సమయాన్ని మళ్లీ మళ్లీ కొలిచారు. గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, గదిలోని మొత్తం శోషణతో, అంటే ఉపరితలాలన్నీ కలిసి శబ్దాన్ని పీల్చుకునే సామర్థ్యంతో, భాగిస్తే ప్రతినాద కాలం వస్తుందన్న సూత్రం ఆ కృషి ఫలం.

మా హాలు ఘనపరిమాణం దాదాపు 82.7 ఘనపు మీటర్లు. నేల పలకలు, నున్నటి గోడలు, గాజు తలుపు, తోలు సోఫాలు, శబ్దాన్ని పీల్చుకునేది దాదాపు ఏమీ లేదు. ఉపరితలాల శోషణ గుణకాలతో లెక్కవేస్తే మొత్తం శోషణ 9 చదరపు మీటర్లకు సమానంగా వచ్చింది. ప్రతినాద కాలం దాదాపు 1.5 సెకన్లు. ఒక అక్షరం ఆరకముందే మరో నాలుగైదు అక్షరాలు వచ్చి దాని మీద పడుతున్నాయన్నమాట. చిన్నవాళ్ల చెవి, మెదడు కలిసి ఆ చిక్కు విడదీసుకుంటాయి, వయసు మీరాక అది కష్టం. 12 చదరపు మీటర్ల రంధ్రాల పైకప్పు ప్యానెల్ దాని వెనక మినరల్ ఊల్‌తో, 9 చదరపు మీటర్ల మందపాటి మడతల కర్టెన్లు, 6 చదరపు మీటర్ల కార్పెట్ చేర్చాక శోషణ 23.7కి చేరింది, ప్రతినాద కాలం 0.56 సెకన్లకు దిగింది. బట్ట సోఫాలు ఆ లెక్కలో చేర్చలేదు, అవి అదనపు లాభం.

ఆ ఫలితం ఇచ్చిన ధైర్యంతోనే తర్వాతి తప్పు చేశాను. పాప గదికీ ఆయన పని గదికీ మధ్య 3.6 మీటర్ల పొడవున్న తేలికపాటి విభజన గోడ, అందులో ఒక తలుపు ఉన్నాయి. పాప సాధన చేసేటప్పుడు ఆయనకు ఫోన్‌లో మాట్లాడటం సాధ్యం కావడం లేదు. నేను పాప గదిలో ఆ గోడ నిండా 25 మిల్లీమీటర్ల ఫెల్ట్ ప్యానెళ్లు బిగింపించాను. పాప గదిలో వయొలిన్ నాదం పొడిగా, జీవం లేనట్టుగా మారింది. పక్క గదిలో మాత్రం ముందు ఎంత వినబడేదో అంతే వినబడింది. పాప "నా వయొలిన్ గొంతు పోయింది" అని ఏడ్చిందని వాళ్లమ్మ ఫోన్ చేసి చెప్పినప్పుడు నాకు తప్పు ఎక్కడుందో అర్థమైంది.

శోషణ, నిరోధం రెండు వేర్వేరు విషయాలు. మెత్తని, రంధ్రాలున్న పదార్థం గదిలోపలి ప్రతిఫలనాలను పీల్చుకుంటుంది, గోడ దాటిపోయే శబ్దాన్ని ఆపదు. ఆపాలంటే బరువు కావాలి, రెండు పొరల మధ్య సంబంధం తెగాలి, అన్నిటికంటే ముందు గాలి సందులు మూసుకోవాలి. నేను ఈ తేడాను పాఠంగా చెబుతూనే ఆచరణలో మరిచాను. ఆ గోడ వైశాల్యం 10 చదరపు మీటర్లు. తలుపు కింద 900 మిల్లీమీటర్ల పొడవున 10 మిల్లీమీటర్ల సందు ఉంది. అది గోడలో వెయ్యో వంతు కూడా కాదు. అయినా అంత సందు ఉన్నంత కాలం మిగిలిన గోడను ఎంత మందంగా కట్టినా మొత్తం నిరోధం 30 డెసిబెళ్ల దగ్గరే ఆగిపోతుంది.

నా ఖర్చుతో ప్యానెళ్లు తీయించి, వాటిలో సగం ఆయన పని గదిలోనే, ఫోన్ మాట స్పష్టంగా ఉండేందుకు వాడాను. విభజన గోడకు పని గది వైపున, గోడకు నేరుగా తగలని సాగే బిగింపుల మీద రెండు పొరల జిప్సమ్ బోర్డు, మధ్యలో మినరల్ ఊల్ పెట్టించాను. బోలు తలుపు తీసి ఘనమైన తలుపు, చుట్టూ రబ్బరు సీలు, మూసినప్పుడు కిందికి దిగే అడుగు సీలు బిగింపించాను. పని గది 95 మిల్లీమీటర్లు తగ్గింది. వయొలిన్ ఇప్పుడు వినబడుతుంది కానీ, మాటకు అడ్డం రాదు.

డ్రాయింగులు

ఫ్లోర్ ప్లాన్ అంటే ఇంటిని నేల నుంచి దాదాపు 1.2 మీటర్ల ఎత్తులో అడ్డంగా కోసి, కిందికి చూస్తే కనబడేది. ఎలివేషన్ ఒక గోడను ఎదురుగా చూసిన చిత్రం, సెక్షన్ నిలువుగా కోసిన చిత్రం. విద్యార్థులను ఎక్కువగా తికమకపెట్టేది రిఫ్లెక్టెడ్ సీలింగ్ ప్లాన్. నేలంతా అద్దం పరిస్తే అందులో పైకప్పు ఎలా కనబడుతుందో అలా గీస్తారు, కాబట్టి కుడి ఎడమలు ఫ్లోర్ ప్లాన్‌తో సరిపోతాయి. ఈ ప్రాజెక్టులో ఆ డ్రాయింగ్ మీద రంధ్రాల ప్యానెళ్లు, కర్టెన్ గాడి, దీపాల అంచు, ఏసీ గ్రిల్ అన్నీ ఒకే కాగితం మీద వేసినప్పుడే ఏసీ గ్రిల్ సరిగ్గా కర్టెన్ గాడిలోకి వస్తోందని తెలిసింది. సైట్‌లో తెలిసి ఉంటే పైకప్పు రెండోసారి విప్పాల్సి వచ్చేది.

డ్రాయింగ్ ఎక్కడ, ఎంత అన్నది చెబుతుంది. ఏ పదార్థం, ఏ నాణ్యత, ఏ పద్ధతిలో అన్నది స్పెసిఫికేషన్ చెబుతుంది. ఎన్ని, ఎంత పరిమాణం అన్నది పరిమాణాల పట్టిక, అంటే బీఓక్యూ చెబుతుంది. ఒకే సమాచారాన్ని మూడు చోట్లా రాస్తే ఏదో ఒక చోట మార్చడం మరిచిపోతారు. వడ్రంగి పని చేసేవారు మన డ్రాయింగ్ చూసి తయారీ కోసం గీసుకుని పంపేది షాప్ డ్రాయింగ్. దాన్ని చదవకుండా ఆమోదిస్తే తప్పు మనదవుతుంది. వంటగది సింక్ భాగం ఎత్తు షాప్ డ్రాయింగ్‌లో 850 అనే వచ్చింది. తయారుచేసేవారు రెండు ఎత్తులు పొరపాటనుకుని తామే సరిదిద్దారు. ఎత్తు తేడాకు కారణాన్ని డ్రాయింగ్ మీదే ఒక వాక్యంలో రాసి ఉంటే అలా జరిగేది కాదు. అప్పటి నుంచి అసాధారణమైన ప్రతి కొలత పక్కనా కారణం రాస్తున్నాను.

అప్పగింతకు ముందు స్నాగ్ లిస్ట్‌లో, అంటే ఇంకా సరిచేయాల్సిన లోపాల జాబితాలో, 43 అంశాలు వచ్చాయి. చాలావరకు సర్దుబాట్లు, గీతలు, సరిగా మూసుకోని సొరుగులు.

ఆరు నెలల తర్వాత

ఇల్లు వాడుకలోకి వచ్చాక మళ్లీ వెళ్లి చూడటాన్ని పోస్ట్ ఆక్యుపెన్సీ పరిశీలన అంటారు. ఒక సాయంత్రం రెండు గంటలు ఆ హాలులో ఓ మూల కూర్చున్నాను. పెద్దావిడ చదువుతున్నారు, పాప బల్ల దగ్గర లెక్కలు చేస్తోంది. వంటగది నుంచి కోడలు అడిగిన ప్రశ్నకు ఆవిడ పుస్తకంలోంచి తలెత్తకుండానే జవాబిచ్చారు. ఆమె కుర్చీ నేను గీసిన చోటు నుంచి దాదాపు 40 సెంటీమీటర్లు కిటికీ వైపు జరిగి ఉంది. అడిగితే, పగలు ఎండ మోకాళ్ల మీద పడేలా జరుపుకున్నానని చెప్పారు. స్టాండు దీపం తీగ అంత దూరం రాక ఎక్స్‌టెన్షన్ పెట్టుకున్నారు, అది నడిచే దారికి అడ్డంగా ఉంది. మర్నాడే ఎలక్ట్రీషియన్‌ను పంపి ఆ గోడకు కొత్త సాకెట్ పెట్టించి, తుది డ్రాయింగ్‌లో కుర్చీని, సాకెట్‌ను ఆమె పెట్టుకున్న చోటుకే మార్చాను.

మిక్సీ తిరిగేటప్పుడు మాత్రం 1.6 మీటర్ల ఖాళీ గుండా ఆ శబ్దం హాలులోకి ఇంకా గట్టిగానే వస్తోంది. అక్కడ జారే గాజు తలుపు ఒకటి ప్రతిపాదించాను. గాజు మందం, కింది గాడి లేకుండా పైనుంచే వేలాడే పద్ధతిలో అడుగు సీలు ఎలా పెట్టాలన్న వివరం ఇప్పుడు గీస్తున్నాను.